కర్మాగారపు పొగగొట్టము – పైరు పొలము
(నైట్రస్ ఆక్సైడు విషయమున చైనా, భారతదేశముల పోలిక)

శ్రీరాంపూర్ ప్రాంతపు రైతులకు రెండు పెద్ద పరిశ్రమలు కంటి ఎదుటనే ఉన్నవి. ఒకటి సింగరేణి బొగ్గు గనులు. రెండవది గోదావరి ఆవలి ఒడ్డున, రామగుండములోని యూరియా కర్మాగారము. ఈ రెంటి నడుమ సేద్యము చేయువారికి ఒక ప్రశ్న తోచుట సహజము. నత్రజని ఎరువువలన భూమి వేడెక్కుచున్నదని వార్తాపత్రికలు వ్రాయుచున్నవి గదా, ఆ దోషము ఎరువు తయారగు చోట పుట్టుచున్నదా, ఎరువు వేయు చోట పుట్టుచున్నదా? ఈ ప్రశ్నకు అన్ని దేశములకు సరిపోవు జవాబు ఒక్కటి లేదు. చైనాలో ఒక విధముగను, మన దేశములో మరియొక విధముగను ఉన్నది. ఆ తేడా తెలిసికొన్నచో మన వంతు పని ఎంతయో, ఇతరుల వంతు ఎంతయో తేటపడును.

ఇక్కడ చెప్పబోవు వాయువు పేరు నైట్రస్ ఆక్సైడు. రెండు పరమాణువుల నత్రజని, ఒక పరమాణువు ప్రాణవాయువు కలిసి ఇది ఏర్పడును. 1772లో ప్రీస్ట్లీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనిని మొదట తయారుచేసెను. తరువాత హంఫ్రీ డేవీ తానే పీల్చి చూచి, నవ్వు పుట్టించు వాయువని పేరు పెట్టెను. నేటికిని పళ్ల వైద్యులు, శస్త్రవైద్యులు మత్తునకు దీనిని వాడుచున్నారు. దీనికి రంగు లేదు; పొలములో పుట్టునపుడు వాసన కూడ తెలియదు. యూరియా చల్లిన మడిలో ముక్కునకు తగులు ఘాటు అమ్మోనియాది. బొగ్గు గనిలో మందు పేల్చిన తరువాత అప్పుడప్పుడు లేచు నారింజ రంగు పొగ నైట్రొజన్ డయాక్సైడుది. ఆ రెండును కంటికి, ఊపిరికి హాని చేయునవి. నైట్రస్ ఆక్సైడు వాటికి చుట్టమే అయినను దాని హాని ఊరిలో కనపడదు. అది పైకి పోయి చేయును.

ఒక టన్ను నైట్రస్ ఆక్సైడు నూరు సంవత్సరముల లెక్కలో 273 టన్నుల బొగ్గుపులుసు వాయువు చేయునంత వేడిని పట్టి ఉంచును. గాలిలో చేరినది నూరేళ్లకు పైగా నిలిచి ఉండును. అంతియే గాక, ఎండలోని హానికరమైన కిరణములను అడ్డగించు ఓజోను పొరను కూడ కొరుకును. యంత్రయుగమునకు పూర్వము వందకోట్ల భాగముల గాలిలో ఇది సుమారు 270 భాగములుండెడిది. 2023 నాటికి అది 336.9 భాగములైనదని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క. మనుష్యుల పనులవలన పుట్టుదానిలో సుమారు నూటికి 75 పాళ్లు సేద్యమునుండి, 5 పాళ్లు పరిశ్రమలనుండి వచ్చుచున్నవని 2024లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ, ఆహార–వ్యవసాయ సంస్థలు ప్రకటించినవి. అయిదు పాళ్లే గదా అని తీసివేయరాదు. అవి కొద్ది కర్మాగారములనుండియే వచ్చుచున్నవి. కనుక ఆపుట సులభము.

ఏ కర్మాగారములో పుట్టును?

మొదట ఒక అపోహ తొలగించవలెను. యూరియా తయారగునపుడు నైట్రస్ ఆక్సైడు చెప్పుకోదగినంత పుట్టదు. గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియా చేయుదురు. ఆ అమ్మోనియాను బొగ్గుపులుసు వాయువుతో హెచ్చు ఒత్తిడిలో కలుపగా యూరియా ఏర్పడును. ఈ పనిలో అమ్మోనియాను ఎక్కడను కాల్చరు. రామగుండములోని పాత ఎఫ్‌.సి.ఐ. కర్మాగారము 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి, బొగ్గునుండి ఉదజని తీసెడిది. నష్టములవలన 1999లో మూతపడినది. దాని చోట కట్టిన ఆర్‌.ఎఫ్‌.సి.ఎల్‌. కర్మాగారము 2021 మార్చిలో యూరియా తీయనారంభించినది. ఇది సహజవాయువుతో నడచుచున్నది. ముడిసరుకు మారినను ఈ విషయములో తేడా లేదు. నాడు గాని నేడు గాని రామగుండపు పొగగొట్టము నైట్రస్ ఆక్సైడునకు పేరుపడినది కాదు.

ఈ వాయువు అమ్మోనియాను కాల్చు చోట పుట్టును. నత్రికామ్లము చేయుటకు అమ్మోనియాను గాలితో కలిపి, సుమారు 900 డిగ్రీల వేడిలో, ప్లాటినము–రోడియము తీగలతో నేసిన జల్లెడ గుండ పంపుదురు. కావలసినది నైట్రిక్ ఆక్సైడు. కొంత అమ్మోనియా మాత్రము దారి తప్పి నైట్రస్ ఆక్సైడగును. కర్మాగారపు ఒత్తిడిని బట్టి టన్ను నత్రికామ్లమునకు 5 మొదలు 9 కిలోల వరకు ఇట్లు బయటికి పోవును. ఈ ఆమ్లముతో అమ్మోనియం నైట్రేటు, నైట్రోఫాస్ఫేటు ఎరువులు, రంగులు, మందులు తయారగును. గని పేలుడు పదార్థములలో హెచ్చు భాగము అమ్మోనియం నైట్రేటే. ఆ లెక్కన శ్రీరాంపూర్ ఉపరితల గనిలో మట్టి పొరలు పగులగొట్టు ప్రతి పేలుడు వెనుక ఎక్కడనో ఒక నత్రికామ్ల కర్మాగారము ఉన్నది. ఒక టన్ను అమ్మోనియం నైట్రేటునకు సుమారు 790 కిలోల నత్రికామ్లము కావలెను. టన్ను ఆమ్లమునకు 7 కిలోల చొప్పున చూచినచో అది సుమారు అయిదున్నర కిలోల నైట్రస్ ఆక్సైడు. అనగా టన్నున్నర బొగ్గుపులుసు వాయువుతో సమానము. బొగ్గు కాలకముందే పడిన ఖర్చు ఇది.

రెండవ చోటు ఇంతకంటె చాల పెద్దది. దాని పేరు అడిపిక్ ఆమ్లము. నైలాను–66 అను గట్టి దారమునకు ఇది ముడిసరుకు. టైర్లలోని తాడునకు, తివాసీలకు, మోటారు భాగములకు ఆ నైలాను వాడుదురు. చెప్పుల అడుగులకు పనికివచ్చు ప్లాస్టిక్కులలో కూడ ఈ ఆమ్లము చేరును. దీనిని తయారు చేయుటకు నత్రికామ్లము వాడుదురు. ఆ నత్రికామ్లములోని నత్రజనిలో చాల భాగము నైట్రస్ ఆక్సైడై పోవును. ఏ అడ్డును పెట్టనిచో టన్ను అడిపిక్ ఆమ్లమునకు 300 కిలోలు! ఈ సంగతి లోకమునకు తెలియుట కూడ ఆలస్యమైనది. 1991లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు థీమెన్స్, ట్రోగ్లర్ అనువారు నైలాను పరిశ్రమను లెక్క కట్టి చూపిరి. అది ప్రకటింపబడిన తరువాత అమెరికా, ఐరోపా, జపానులలోని పెద్ద కంపెనీలు పదేళ్లలోపుననే చాల చోట్ల ఆ వాయువును కాల్చివేయు కొలుములు కట్టుకొన్నవి.

చైనాలో నడచిన కథ

వాతావరణ ఒప్పందములలో చైనా, భారతదేశము రెండును అభివృద్ధి చెందుచున్న దేశముల వరుసలోనే ఉన్నవి. జనాభాలో దగ్గర దగ్గర. రెండును యూరియా దేశములే. పరిశ్రమల నైట్రస్ ఆక్సైడులో మాత్రము పోలిక లేదు. నేడు ప్రపంచమున అడిపిక్ ఆమ్లము చేయు శక్తిలో సగానికి పైగా చైనాలో ఉన్నది. నత్రికామ్లములో కూడ ఆ దేశము ముందున్నది. 2014 సంవత్సరమునకు చైనా ఐక్యరాజ్యసమితికి పంపిన లెక్కలో, ఆ దేశపు నైట్రస్ ఆక్సైడులో సుమారు ఆరవ వంతు పరిశ్రమలలోని రసాయన క్రియలనుండి వచ్చినది. సేద్యపు పాలు సుమారు నూటికి 60.

ఆపు ఉపాయము చైనావారికి తెలియక కాదు. క్యోటో ఒప్పందము 2005లో అమలులోకి వచ్చినప్పుడు ఒక ఏర్పాటు జరిగినది. అభివృద్ధి చెందుచున్న దేశములో ఒక కర్మాగారము వాయువును తగ్గించినచో, తగ్గించిన ప్రతి టన్నునకు ఒక పత్రము ఇత్తురు. ఆ పత్రములను ధనిక దేశముల కంపెనీలు కొనును. ల్యావోయాంగ్, పింగ్‌డింగ్‌షాన్ అను పట్టణములలోని రెండు అడిపిక్ ఆమ్ల కర్మాగారములు ఈ ఏర్పాటులో చేరి, వాయువును నాశనము చేయు సాధనములు పెట్టుకొన్నవి. ఒక టన్ను నైట్రస్ ఆక్సైడును ఆపినచో నాటి లెక్కలో 310 పత్రములు. ఖర్చు కొద్ది, రాబడి మెండు.

ఆ మెండు రాబడియే చిక్కు తెచ్చినది. సరుకుకంటె వ్యర్థవాయువు మీదనే లాభము హెచ్చుగా వచ్చునప్పుడు, సరుకు ఎందుకు చేయుచున్నారను అనుమానము పుట్టును. ఇతర దేశములలో శుద్ధి చేయుచున్న కర్మాగారముల పని తగ్గి, ఈ పత్రములు వచ్చు చోటికి ఉత్పత్తి తరలినదని విమర్శ వచ్చినది. 2013 మే నుండి ఐరోపా సమాఖ్య ఈ రకపు పత్రములను తన సంతలో చెల్లవని నిషేధించినది. ఆ తరువాత చైనాలో పెరిగిన కొత్త ఉత్పత్తికి ఆ ఆదాయము లేదు; కాల్చివేయుట తప్పనిసరి అను దేశీయ చట్టమును చాలకాలము రాలేదు. అందుచేత ఉత్పత్తి పెరిగినకొలది వాయువును పెరిగినది. కొలిమి ఉండుట వేరు, దానిని వెలిగించి ఉంచుట వేరు. పరాయివారి డబ్బు మీద ఆధారపడిన శుద్ధికి ఆ డబ్బు ఉన్నంత కాలమే ఆయువని మా అభిప్రాయము.

ఇటీవల కొంత కదలిక కనపడుచున్నది. 2023 నవంబరులో అమెరికా, చైనాలు సన్నీలాండ్స్ ప్రకటనలో నైట్రస్ ఆక్సైడు అదుపునకు కలిసి పనిచేయుటకు ఒప్పుకొన్నవి. 2025 సెప్టెంబరులో చైనా ప్రకటించిన 2035 నాటి లక్ష్యములో బొగ్గుపులుసు వాయువుతో పాటు ఇతర వేడి వాయువులను కూడ చేర్చినది.

మన దేశమున

మన దేశములో అడిపిక్ ఆమ్లపు అవసరము దిగుమతితో తీరుచున్నది. ఇక్కడ తయారగు నైలాను ప్రధానముగా నైలాను–6 రకము. దానికి కాప్రోలాక్టమ్ అను వేరొక ముడిసరుకు కావలెను. గుజరాతులో జి.ఎస్‌.ఎఫ్‌.సి., కేరళలో ఫ్యాక్ట్ దానిని చేసిన సంస్థలు. అందులోను నైట్రస్ ఆక్సైడు పుట్టును గాని టన్నునకు సుమారు 9 కిలోలే. 300 ఎక్కడ, 9 ఎక్కడ!

ఇక మిగిలినది నత్రికామ్లము. భరూచ్‌లోని జి.ఎన్‌.ఎఫ్‌.సి., ముంబయి ట్రాంబేలోని ఆర్‌.సి.ఎఫ్‌., తలోజాలోని దీపక్ ఫర్టిలైజర్స్ ఈ పనిలో పేరున్నవి. ఈ సంస్థలును క్యోటో ఏర్పాటులో చేరి, ప్లాటినము జల్లెడ క్రింద మరొక పొర ఉత్ప్రేరకము పరచు పద్ధతి చేపట్టినవి. పుట్టిన నైట్రస్ ఆక్సైడు ఆ పొరగుండ పోవునపుడు నత్రజనిగను, ప్రాణవాయువుగను విడిపోవును. పనితనము బాగుగా ఉన్నచో నూటికి 80 పాళ్లకు పైగా తగ్గును. కట్టడము మార్చనక్కరలేదు. మన పత్రముల ధర కూడ 2012 చివరకు యూరోకంటె తక్కువకు పడిపోయినది. చైనాకు చెప్పిన మాట మనకును వర్తించును.

1960ల తొలి రోజులలో నంగల్, రూర్కెలా కర్మాగారములు కాల్షియం అమ్మోనియం నైట్రేటు తీసినవి. అటువంటి ఎరువునకు నత్రికామ్లము తప్పదు. తరువాత దేశము యూరియా వైపు మొగ్గినది. నేడు మన నత్రజని ఎరువులో నూటికి 80 పాళ్లకు పైగా యూరియాయే. ధర, రవాణా చూచి చేసిన ఎంపిక అది. అనుకోకుండ మన పొగగొట్టములు ఈ వాయువు విషయమున తేలికపడినవి. మన దేశపు నైట్రస్ ఆక్సైడులో పరిశ్రమల పాలు నూటికి కొద్ది పాళ్లు మాత్రమే. సుమారు ముప్పాతిక సేద్యమునుండియే వచ్చుచున్నది. 

ఒక లెక్క

రైతు సోదరులు కాగితము, పెన్సిలు తీసికొని ఈ లెక్క చూడవలెను. యూరియా బస్తా 45 కిలోలు. నూటికి 46 పాళ్ల చొప్పున అందులో నత్రజని 20 కిలోల 700 గ్రాములు. మెట్ట పైరులకు వేసిన నత్రజనిలో సగటున నూటికి ఒక పాలు నైట్రస్ ఆక్సైడుగా పోవునని అంతర్జాతీయముగా వాడుచున్న లెక్క. నేలను బట్టి, వానను బట్టి హెచ్చుతగ్గులుండును. ఆ ఒక పాలు 207 గ్రాముల నత్రజని. వాయువు రూపమున అది సుమారు 325 గ్రాములు. 273తో హెచ్చింపగా దాదాపు 89 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానము. నీరు నిలిచిన వరి మడిలో ఇది మూడవ వంతునకు తగ్గి, బస్తాకు సుమారు 100 గ్రాములగును.

రామగుండము కర్మాగారపు వార్షిక శక్తి 12 లక్షల 70 వేల టన్నుల యూరియా. అంతయు మెట్ట పైరులకే వేసిరని అనుకొన్నను, ఏడాదికి పొలములనుండి లేచు నైట్రస్ ఆక్సైడు సుమారు 9,200 టన్నులు. ఏడాదికి ఒక లక్ష టన్నుల అడిపిక్ ఆమ్లము చేయు కర్మాగారము ఒక్కటి, కొలిమి లేక నడచినచో, 30,000 టన్నులు విడుచును. రామగుండపు యూరియా వాడు రైతులందరికి మూడింతలకు పైగా! అదే కర్మాగారము నూటికి 98 పాళ్లు కాల్చివేసినచో 600 టన్నులకు దిగును. ఒక లక్ష టన్నుల నత్రికామ్లము 700 టన్నులతో సరి. పరిశ్రమలలో ఒక టన్ను నైట్రస్ ఆక్సైడు ఆపుటకు 1,600 మొదలు 6,000 డాలర్లు పట్టునని పైన చెప్పిన 2024 నివేదిక తెలిపినది. బొగ్గుపులుసు వాయువు లెక్కలోనికి మార్చినచో టన్నునకు ఆరు మొదలు ఇరువదిరెండు డాలర్లు. ఇంత చౌకగా దొరకు పనిని విడిచి, లక్షల రైతుల చేతిలోని బస్తాను మొదట పట్టుకొనుట న్యాయము కాదు. మన దేశమున అడిపిక్ ఆమ్లపు కర్మాగారము ఎవరైన కట్టదలచినచో, కొలిమి లేనిదే అనుమతి ఇవ్వరాదు.

పొలములో జరుగునది

పై లెక్క చూచి, 207 గ్రాముల నత్రజని పోయిన మాకేమి నష్టమని రైతు అడుగవచ్చును. ఆ ప్రశ్న సబబైనదే. రైతుకు తగులు నష్టము ఆ 207 గ్రాములు కాదు. వరిలో వేసిన నత్రజనిలో నూటికి 30, 40 పాళ్లే సాధారణముగా పైరునకు అందును. మిగిలినదానిలో కొంత అమ్మోనియాగా గాలిలో కలియును, కొంత నైట్రేటుగా మారి నీటితో దిగిపోవును, కొంత ఉత్త నత్రజనిగా ఎగిరిపోవును. నైట్రస్ ఆక్సైడు ఈ దారులలో సన్ననిది. అయినను మట్టిలోని సూక్ష్మజీవులు యూరియాను నైట్రేటుగా మార్చునపుడు, తడి హెచ్చై గాలి ఆడనప్పుడు ఆ నైట్రేటును విరుచునపుడు, రెండు చోట్లను ఇది పుట్టును. కనుక ఇది హెచ్చుగా పుట్టు సమయమున బస్తాలోని మిగిలిన నత్రజని కూడ పోవుచున్నదని తెలిసికొనవలెను.

వానాకాలము పత్తిలో, మక్కలో ఇది ముఖ్యము. రేగడి నేల పెద్దవానకు నాని, నీరు కదలక ఉన్నప్పుడు యూరియా చల్లుట పూర్తిగా దండుగ. నీరు తీసివేసి, నేల పదునునకు వచ్చిన తరువాత, మొక్కకు కొద్ది దూరమున గుంట తీసి వేసి మట్టి కప్పవలెను. చల్క నేలలలో ఒకేసారి పోసిన ఎరువు వానతో క్రిందికి దిగిపోవును. అక్కడ దఫాలు పెంచుటయే మేలు. పత్తికి నాలుగు దఫాలు, సుమారు ఇరువది దినములకు ఒకటి చొప్పున వేయుట అలవాటైన పద్ధతి. పక్క చేను నల్లగా ఉన్నదని అదనముగా వేసిన బస్తా ఆకును పెంచును గాని కాయను పెంచదు. పురుగును, దోమను పిలుచుకొని వచ్చును.

2015 నుండి దేశములో వ్యవసాయమునకు అమ్ము యూరియా అంతయు వేపనూనె పూసినదే. వేప ఆ సూక్ష్మజీవుల పనిని కొంత నెమ్మదింపజేయును. అంతకుముందు అలవాటైన మోతాదునే ఇప్పుడును వేయుచుండువారు ఒక దఫా తగ్గించి, చేనిలో ఒక మూల చూచుకొనవచ్చును. భూసార పరీక్ష పత్రము చేతిలో ఉన్నవారికి ఈ పని మరింత సులభము. జీలుగ గాని జనుము గాని కలియదున్నిన మడిలో, ఆ పచ్చిరొట్ట ఇచ్చు నత్రజనిని లెక్క వేసికొని యూరియా తగ్గించవలెను. రెండును నిండుగా వేయుట మాత్రము మంచిది కాదు.

చైనా రైతులు ఎకరమునకు మనకంటె చాల హెచ్చుగా నత్రజని వేసెడివారు. 2020 నాటికి రసాయనిక ఎరువు వాడకము ఇక పెరగరాదని ఆ దేశము 2015లో నిర్ణయించినది. ఆ తరువాత వాడకము తగ్గుముఖము పట్టినది. ఎరువు తగ్గినను ధాన్యపు దిగుబడి పడిపోలేదు.

వరిలో ఒక మెలకువ. యాసంగిలో నీరు పొదుపునకు మడిని తడిపి ఆరబెట్టు పద్ధతి కొందరు పాటించుచున్నారు. దానివలన నీరు మిగులును, మడినుండి లేచు మీథేను అను మరొక వేడి వాయువు తగ్గును. కాని ఆరినప్పుడు నైట్రేటు ఏర్పడి, మరల ముంచినప్పుడు నైట్రస్ ఆక్సైడు కొంత పెరుగును. యూరియా వేయు తేదీని ఈ ఆరుతడులతో జత చేసినచో ఈ చిక్కు చాలవరకు తప్పును. దమ్ములో ఒక పాలు, పిలకలు వేయు దశలో ఒక పాలు, అంకురము ఏర్పడు దశలో ఒక పాలు వేయవలెను. పై దఫాలు వేయు దినమున మడిలోని నీరు తీసి, బురద పదునులో చల్లి, ఒకటి రెండు దినముల తరువాత పలుచగా నీరు పెట్టవలెను. అట్లు పెట్టిన నీరు వారము వరకైన ఆరిపోకుండ చూచి, పిమ్మట మరల ఆరబెట్టవచ్చును.